ఇద్దరు మైక్ రోజర్స్‌లు, నలుగురు బాబ్ కేసీలు: పేర్లు కలిసిన అమెరికా నేతల్లో ఎవరు ఎవరో తేల్చుకోవడం ఎలా?

అమెరికా ప్రతినిధుల సభలో 2003 నుంచి 2015 దాకా ఇద్దరు మైక్ రోజర్స్‌లు ఒకేసారి సభ్యులుగా ఉన్నారు. ఇద్దరిదీ రిపబ్లికన్ పార్టీయే. ఒకరు మిషిగన్ రాష్ట్రం నుంచి, ఇంకొకరు అలబామా నుంచి గెలిచారు. మిషిగన్ రోజర్స్ 2011 నుంచి సభ ఇంటెలిజెన్స్ కమిటీకి చైర్మన్. నిఘా సంస్థలు ఏం చేస్తున్నాయో చూడటం ఆ కమిటీ పని. 2014లో ఆ నిఘా సంస్థల్లో కీలకమైన నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీకి కొత్త డైరెక్టర్ వచ్చారు. ఆయన నౌకాదళ అడ్మిరల్. ఆయన పేరూ మైక్ రోజర్సే.

అంటే ఆ ఏడాది 'మైక్ రోజర్స్‌ను మైక్ రోజర్స్ ప్రశ్నించారు' అని ఎవరైనా రాసినా అందులో తప్పు లేదు. చదివినవారికి మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు.

ఈ కథ అక్కడితో ఆగలేదు. 2024 నవంబర్ ఎన్నికల్లో మిషిగన్ రోజర్స్ సెనేట్‌కు పోటీ చేసి ఎలీసా స్లాట్‌కిన్ చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో అలబామా రోజర్స్ తన సీటును మళ్లీ గెలుచుకున్నారు. 'మైక్ రోజర్స్ ఓటమి', 'మైక్ రోజర్స్ గెలుపు' అనే రెండు హెడ్‌లైన్లూ నిజమే.

ఇంత దూరంలో ఉన్న మనకు దీంతో ఏం పని అనిపించొచ్చు. కానీ ఇంట్లో ఒకరైనా అమెరికాలో ఉన్న కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. వీసాల గురించి అక్కడి నేత ఎవరైనా ఒక మాట అంటే అది గంటలో మన ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చేస్తుంది. 'హెచ్1బీపై జాన్సన్ ఇలా అన్నారు' అని ఫార్వర్డ్ వచ్చిందనుకోండి. ఏ జాన్సన్? విస్కాన్సిన్ సెనేటర్ రాన్ జాన్సనా, లూసియానాకు చెందిన స్పీకర్ మైక్ జాన్సనా, జార్జియా డెమొక్రాట్ హ్యాంక్ జాన్సనా, సౌత్ డకోటా రిపబ్లికన్ డస్టీ జాన్సనా? స్పీకర్ మాట వేరు, వందల మంది సభ్యుల్లో ఒకరి మాట వేరు. ఒకరు అన్నది ఇంకొకరికి అంటగడితే, ఆ వార్త చూసి ఉద్యోగం మానేయాలా, ఇల్లు కొనాలా అని ఆలోచించే కుటుంబం దెబ్బతింటుంది.

ఇలాంటి తికమకలు తీర్చడానికే అమెరికా పార్లమెంటు ఒక ఉచిత రికార్డు నిర్వహిస్తోంది. ఫోన్‌లోనే చూసుకోవచ్చు. దాన్ని చదవడం తెలిస్తే చాలు.

బయోగైడ్ అంటే ఏమిటి?

పూర్తి పేరు 'బయోగ్రాఫికల్ డైరెక్టరీ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్ కాంగ్రెస్'. అందరూ బయోగైడ్ అంటారు. అమెరికా స్వతంత్ర దేశం కాకముందు, 1774లో మొదలైన కాంటినెంటల్ కాంగ్రెస్ సభ్యుల నుంచి నిన్న మొన్న గెలిచినవాళ్ల దాకా ప్రతి ఒక్కరి గురించీ అందులో ఒక ఎంట్రీ ఉంటుంది. 1789లో ఇప్పటి రాజ్యాంగం కింద కాంగ్రెస్ మొదలయ్యాక ప్రతినిధుల సభ, సెనేట్‌లలో కూర్చున్నవాళ్లే 12 వేల మందికి పైగా ఉన్నారు. అంతమందిలో స్మిత్‌లు, జాన్సన్‌లు, విలియమ్స్‌లు ఎన్ని సార్లు వచ్చి ఉంటారో ఊహించుకోండి.

దీనికి మూలం చార్లెస్ లాన్‌మన్ అనే రచయిత 1859లో వేసిన ఒక నిఘంటువు లాంటి పుస్తకం. తర్వాత ప్రభుత్వమే ఆ పని తీసుకుంది. పుస్తకంగా 2005 వరకూ ఉన్న సభ్యులతో ఒక ఎడిషన్ వచ్చింది. రెండు వేలకు పైగా పేజీలు, చేత్తో ఎత్తడమే కష్టం. ఇప్పుడంతా వెబ్‌సైట్‌లోనే. చిరునామా బయోగైడ్ డాట్ కాంగ్రెస్ డాట్ గవ్. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. పేరుతో, రాష్ట్రంతో, పార్టీతో, పదవితో, ఏ కాంగ్రెస్‌లో ఉన్నారన్న దానితో వెతకొచ్చు.

ఎంట్రీలో ఏముంటుందంటే పుట్టిన ఊరు, తేదీ, చదువు, ముందు చేసిన ఉద్యోగాలు, ఏ పార్టీ టికెట్‌పై ఎప్పుడు గెలిచారు, ఎప్పుడు దిగిపోయారు, చనిపోయి ఉంటే ఎక్కడ సమాధి చేశారు. వాళ్ల ఉత్తరాలు, కాగితాలు ఏ లైబ్రరీలో దాచారో కూడా చాలా ఎంట్రీల్లో రాసి ఉంటుంది. పొగడ్త ఉండదు, తిట్టూ ఉండదు. ఒక నేత మంచివాడా కాదా అని తెలుసుకోవాలంటే ఇక్కడ వెతకడం దండగ. ఆయనే ఈయనా అని తేల్చుకోవాలంటే ఇంతకు మించిన చోటు లేదు.

ఒక ఎంట్రీని ఎలా చదవాలి?

మొదట కనిపించేది ఇంటిపేరు. 'రోజర్స్, మైక్ డెన్నిస్' అని ఉంటుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఇది కొత్తేమీ కాదు, ఈ విషయంలో మనమే వాళ్లకన్నా సౌకర్యంగా ఉన్నాం. చిక్కల్లా రెండు ముక్కల ఇంటిపేర్లతోనే. టెక్సస్‌కు చెందిన షీలా జాక్సన్ లీ పేరును చాలామంది 'లీ' కింద వెతుకుతారు. ఆమె ఇంటిపేరు 'జాక్సన్ లీ', రికార్డులో 'జె' అక్షరం కింద ఉంటుంది.

తర్వాత రాష్ట్రం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అమెరికా చట్టసభల్లో పేరు తర్వాత అంత ముఖ్యమైనది ఇదే. సభలో సభ్యులు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, 'అలబామా నుంచి వచ్చిన పెద్దమనిషి' అన్న తరహాలో రాష్ట్రంతో ప్రస్తావిస్తారు. మన పల్లెల్లో ఒకే పేరున్న నలుగురిని ఇంటిపేరుతోనో, తండ్రి పేరుతోనో విడదీసినట్టు అక్కడ రాష్ట్రంతో విడదీస్తారు. 2001 నుంచి 2013 దాకా సెనేట్‌లో ఇద్దరు నెల్సన్‌లు, ఇద్దరూ డెమొక్రాట్లే, ఒకే ఏడాది సెనేట్‌లో అడుగుపెట్టారు. ఫ్లోరిడా నుంచి బిల్ నెల్సన్, నెబ్రాస్కా నుంచి బెన్ నెల్సన్. ఓట్ల జాబితాలో వాళ్ల పేర్ల పక్కన రాష్ట్రం లేకపోతే ఎవరు ఎటు ఓటేశారో చెప్పడం ఎవరి తరమూ కాదు.

అయితే రాష్ట్రం కూడా ఒక్కోసారి చాలదు. 2011లో ఆస్టిన్ స్కాట్ జార్జియా నుంచి సభలోకి వచ్చేసరికి అదే రాష్ట్రం నుంచి డేవిడ్ స్కాట్ 2003 నుంచే ఉన్నారు. ఒకరు రిపబ్లికన్, ఇంకొకరు డెమొక్రాట్. అంతకుముందు టెక్సస్ నుంచి సామ్ జాన్సన్, ఎడ్డీ బెర్నిస్ జాన్సన్ పాతికేళ్ల పాటు ఒకే సభలో ఉన్నారు. ఇలాంటప్పుడు సభ రికార్డుల్లో రాష్ట్రంతో పాటు మొదటి పేరు కూడా రాస్తారు.

పేరు విషయంలో ఇంకో మెలిక ముద్దుపేర్లది. బిల్ అంటే విలియమ్, బాబ్ అంటే రాబర్ట్, డిక్ అంటే రిచర్డ్, జాక్ అంటే చాలాసార్లు జాన్, టెడ్ అంటే ఎడ్వర్డ్. ఫ్లోరిడా బిల్ నెల్సన్ అసలు పేరు క్లారెన్స్ విలియమ్ నెల్సన్. నెబ్రాస్కా బెన్ నెల్సన్ అసలు పేరు ఎర్ల్ బెంజమిన్ నెల్సన్. ఇద్దరూ మధ్య పేరుతోనే చలామణి అయ్యారు. స్పీకర్ మైక్ జాన్సన్ పూర్తి పేరు జేమ్స్ మైఖేల్ జాన్సన్. సెనేటర్ టెడ్ క్రూజ్ రికార్డు పేరు రఫేల్ ఎడ్వర్డ్ క్రూజ్. కాబట్టి ముద్దుపేరుతో దొరకలేదని ఆ మనిషి లేడనుకోకండి. ఇంటిపేరు, రాష్ట్రం ఇచ్చి వెతకండి.

ఇక తేదీలు. ఎంట్రీల్లో ఏళ్లతో పాటు 'నూట ఎనిమిదో కాంగ్రెస్' లాంటి మాటలు వస్తాయి. ప్రతి కాంగ్రెస్ కాలం రెండేళ్లు, మొదటిది 1789లో మొదలైంది. లెక్క సులువు. కాంగ్రెస్ సంఖ్యను రెండుతో గుణించి 1787 కలపండి, మొదలైన ఏడాది వస్తుంది. 108 అయితే 216కి 1787 కలిపి 2003. అలబామా రోజర్స్ వచ్చింది అప్పుడే. 119వ కాంగ్రెస్ 2025లో మొదలైంది. పాత రికార్డుల్లో పదవీకాలం మార్చి 4న మొదలై, కొత్తవాటిలో జనవరి 3న మొదలవడం చూసి కంగారు పడొద్దు. ఇరవయ్యో రాజ్యాంగ సవరణ తర్వాత తేదీ మారింది.

అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం ఐడీ నంబర్. ప్రతి సభ్యుడికీ ఇంటిపేరు మొదటి అక్షరం, దాని తర్వాత ఆరు అంకెలు ఉంటాయి. మిషిగన్ రోజర్స్ 'ఆర్000572', అలబామా రోజర్స్ 'ఆర్000575'. పేరు కలవొచ్చు, పార్టీ కలవొచ్చు, ఈ నంబర్ కలవదు. జో బైడెన్ 'బి000444' కింద ఉంటారు, సెనేటర్‌గా ఉన్నప్పుడూ అదే, ఉపాధ్యక్షుడయ్యాకా అదే. మన ఆధార్ లాగా ఒక మనిషికి ఒకటే అనుకోండి, తేడా ఏమిటంటే ఇది దాచుకోవాల్సింది కాదు, అందరికీ కనిపించాలనే పెట్టింది. బిల్లులు, ఓట్లు చూపించే కాంగ్రెస్ డాట్ గవ్ సైట్‌లో సభ్యుడి పేజీ తెరిస్తే పైన అడ్రస్ బార్‌లో ఈ నంబర్ కనిపిస్తుంది. రెండు వార్తలు ఒకే నేత గురించేనా అని సందేహం వస్తే ఆ నంబర్ రెండు చోట్లా ఒకటేనా అని చూడటం అర నిమిషం పని.

జూనియర్, సెకండ్, థర్డ్: ఈ తోకల సంగతేమిటి?

తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లలోనూ ఉన్నదే. అమెరికాలో దానికి తోడు తోకలు తగిలిస్తారు. సాధారణంగా తండ్రిదీ కొడుకుదీ మొత్తం పేరు ఒకటే అయితే కొడుకు 'జూనియర్'. తాత పేరో, పెదనాన్న పేరో వస్తే 'సెకండ్'. కెనడీల ఇల్లు దీనికి మంచి ఉదాహరణ. బ్రిటన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన జోసెఫ్ పి. కెనడీకి అదే పేరున్న పెద్ద కొడుకు జోసెఫ్ జూనియర్. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో చనిపోయాడు, కాంగ్రెస్‌కు ఎప్పుడూ వెళ్లలేదు. తర్వాత రాబర్ట్ కెనడీ తన కొడుక్కి ఆ పేరే పెట్టారు. ఆయన జోసెఫ్ పి. కెనడీ సెకండ్, 1987 నుంచి 1999 దాకా ప్రతినిధుల సభ సభ్యుడు. ఆయన కొడుకు జోసెఫ్ కెనడీ థర్డ్ 2013 నుంచి 2021 దాకా సభ్యుడు.

ఈ నియమాన్ని గుడ్డిగా నమ్మితే బోల్తా పడతాం. మసాచుసెట్స్ సెనేటర్ హెన్రీ క్యాబట్ లాడ్జ్ 1893 నుంచి 1924లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు. హెన్రీ క్యాబట్ లాడ్జ్ జూనియర్ 1937లో సెనేట్‌కు వెళ్లి, మధ్యలో విరామంతో 1953 దాకా ఉన్నారు. జూనియర్ అనగానే కొడుకు అనుకుంటాం. కాదు, మనవడు. ఆ మనవడిని 1952 ఎన్నికల్లో ఓడించింది జాన్ ఎఫ్. కెనడీ.

బుష్‌ల దగ్గర ఇంకో తమాషా. మన పేపర్లు 'సీనియర్ బుష్', 'జూనియర్ బుష్' అని రాసి రాసి అలవాటు చేశాయి. రికార్డు ప్రకారం ఇద్దరికీ ఆ తోకలు లేవు. తండ్రి జార్జ్ హెర్బర్ట్ వాకర్ బుష్, కొడుకు జార్జ్ వాకర్ బుష్. పేర్లు పూర్తిగా ఒకటి కావు కాబట్టి జూనియర్ అన్న మాటకే తావు లేదు. వినేవాళ్లకు సులువుగా ఉంటుందని మీడియా పెట్టుకున్న పేర్లవి. తప్పని కాదు, కానీ ఆ మాటతో రికార్డులో వెతికితే ఏమీ దొరకదు.

బంధుత్వం తెలుసుకోవడానికి బయోగైడ్‌లో ఒక సౌకర్యం ఉంది. కాంగ్రెస్‌లో పనిచేసిన మరొకరికి తండ్రో, కొడుకో, మేనల్లుడో అయితే పేరు పక్కనే ఆ వివరం రాస్తారు. లూసియానా సెనేటర్ జాన్ కెనడీ ఎంట్రీ చూడండి. 2017 నుంచి సెనేట్‌లో ఉన్న ఈయన రిపబ్లికన్, పూర్తి పేరు జాన్ నీలీ కెనడీ. మాజీ అధ్యక్షుడి కుటుంబంతో ఏ సంబంధమూ లేదు. ఈయన ఐడీ 'కె000393', అధ్యక్షుడు కెనడీది 'కె000107'. 'కెనడీ వారసుడు ట్రంప్‌కు మద్దతు' అని ఈయన ఫొటోతో ఏదైనా వస్తే ఆ రెండు నంబర్లు చాలు దాన్ని పక్కన పెట్టడానికి.

2019లో మరో జంట. ఆండీ లెవిన్ మిషిగన్ నుంచి, మైక్ లెవిన్ కాలిఫోర్నియా నుంచి ఒకే రోజు సభలో ప్రమాణం చేశారు. ఇద్దరూ డెమొక్రాట్లు, ఇద్దరికీ బంధుత్వం లేదు. ఆండీకి మాత్రం సభలో చాలాకాలం ఉన్న శాండర్ లెవిన్ తండ్రి, సెనేటర్ కార్ల్ లెవిన్ బాబాయ్. కలిసిన ఇంటిపేరు వెనుక బంధుత్వం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఊహించడం కన్నా చూసుకోవడం నయం.

పేరు చూసి ఓటేస్తే ఏమవుతుంది? పెన్సిల్వేనియాను అడగండి

పేరు తికమక పేపర్ హెడ్‌లైన్లతో పోతే సరే. ఎన్నికల ఫలితాన్నే తిప్పేస్తే? పెన్సిల్వేనియాలో అలాంటిదే జరిగింది, అదీ ఒకసారి కాదు.

రాబర్ట్ పి. కేసీ, జనం బాబ్ కేసీ అనేవారు, ఆ రాష్ట్రంలో బాగా తెలిసిన డెమొక్రాట్ నేత. గవర్నర్ పదవి కోసం 1966లో, 1970లో పార్టీ ప్రైమరీలో పోటీ చేసి ఓడారు. అమెరికాలో గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి, కేంద్రం నియమించే గవర్నర్ కాదు. 1976లో రాష్ట్ర ట్రెజరర్ పదవికి ఎన్నికలు వచ్చాయి. రాబర్ట్ ఇ. కేసీ అనే కౌంటీ అధికారి నిలబడ్డారు. పెద్దగా ప్రచారం చేయలేదు, ఖర్చూ చేయలేదు. జనం తమకు తెలిసిన బాబ్ కేసీయే అనుకున్నారు. ఆయన గెలిచి, రాష్ట్ర ఖజానాకు నాలుగేళ్లు అధిపతిగా ఉన్నారు.

రెండేళ్లకు ఇంకా వింత జరిగింది. 1978లో అసలు కేసీ మూడోసారి గవర్నర్ ప్రైమరీకి నిలబడ్డారు. అదే ప్రైమరీలో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి పిట్స్‌బర్గ్ వైపు నుంచి రాబర్ట్ పి. కేసీ అనే టీచర్ పోటీ చేశారు. ఐస్‌క్రీమ్ కూడా అమ్మేవారు. ఈసారి మధ్యలో ఉన్న ఇనీషియల్‌తో సహా పేరు కలిసింది. గవర్నర్ ప్రైమరీలో అసలు కేసీ పీట్ ఫ్లాహర్టీ చేతిలో ఓడిపోయారు, లెఫ్టినెంట్ గవర్నర్ ప్రైమరీలో టీచర్ కేసీ గెలిచారు. ఫ్లాహర్టీ గవర్నర్, కేసీ ఆయన కింద అయితే బావుంటుందని చాలామంది ఓటర్లు అనుకుని ఉంటారు. వాళ్లు ఓటేసిన కేసీ వేరు. చివరికి ఆ జోడీ అసలు ఎన్నికలో రిపబ్లికన్ డిక్ థార్న్‌బర్గ్ ముందు నిలబడలేకపోయింది.

1986లో నాలుగోసారి పోటీ చేసినప్పుడు కేసీ 'అసలు బాబ్ కేసీని నేనే' అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి గెలిచారు, 1995 దాకా గవర్నర్‌గా ఉన్నారు. ఆయన కొడుకు బాబ్ కేసీ జూనియర్ 2007 నుంచి 2025 జనవరి దాకా సెనేటర్. ఇక టెక్సస్ నుంచి 1959లో ప్రతినిధుల సభకు వెళ్లిన ఇంకో బాబ్ కేసీ కూడా ఉన్నారు, ఆయనకు ఈ కథతో సంబంధం లేదు. ఈ అయిదుగురిలో బయోగైడ్‌లో కనిపించేది ఇద్దరే, కొడుకు కేసీ, టెక్సస్ కేసీ. మిగతా ముగ్గురూ కాంగ్రెస్‌కు వెళ్లలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, కిందికి వచ్చేసరికి పనికొస్తుంది.

మసాచుసెట్స్‌లోనూ ఇలాంటిదే. జాన్ ఎఫ్. కెనడీ సెనేటర్‌గా ఉన్న రోజుల్లోనే, 1955 నుంచి 1961 దాకా, ఆ రాష్ట్ర ట్రెజరర్ పేరు కూడా జాన్ ఎఫ్. కెనడీయే. ఈయన జాన్ ఫ్రాన్సిస్, ఆయన జాన్ ఫిట్జ్‌జెరాల్డ్. ఈయన అంతకుముందు జిలెట్ రేజర్ ఫ్యాక్టరీలో పనిచేశారు. బంధుత్వం ఏమీ లేదు.

పై కథల్లో ఓటర్లు తమంతట తాము పొరబడ్డారు. కావాలని పొరబడేలా చేసిన కథలూ ఉన్నాయి. ఎన్నికల్లో పేరు కలిసిన డమ్మీ అభ్యర్థిని నిలబెట్టడం మనకు బాగా తెలిసిన ఎత్తే. 2020లో ఫ్లోరిడా రాష్ట్ర సెనేట్‌కు, మయామీ ప్రాంతంలోని 37వ జిల్లాలో అప్పటి సభ్యుడు హోసే హావియర్ రొడ్రిగెజ్ మళ్లీ పోటీ చేశారు. అదే ఇంటిపేరున్న ఒక వ్యక్తి పార్టీ లేకుండా బరిలోకి దిగాడు. ప్రచారం లేకుండానే ఆరు వేలకు పైగా ఓట్లు పడ్డాయి. సిట్టింగ్ సభ్యుడు ఓడిపోయింది 32 ఓట్ల తేడాతో. ఆ వ్యక్తి డబ్బు తీసుకుని పోటీలో నిలిచాడని తర్వాత విచారణలో తేలింది. డబ్బిచ్చిన మాజీ రాష్ట్ర సెనేటర్‌ను 2024లో జ్యూరీ దోషిగా తేల్చింది. ఎన్నిక ఫలితం మాత్రం మారలేదు.

వాషింగ్టన్ రాష్ట్రం ఇందుకు భిన్నం. 2024లో అక్కడి అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గూసన్ గవర్నర్ పదవికి నామినేషన్ వేశారు. గడువు ముగిసేసరికి ఇంకో ఇద్దరు బాబ్ ఫెర్గూసన్‌లు కూడా వేశారు. కానీ ఓటర్లను తప్పుదారి పట్టించాలని పేరు కలిసిన వ్యక్తి పోటీ చేస్తే నేరమని ఆ రాష్ట్రంలో 1940ల నుంచే చట్టం ఉంది. ఆ చట్టాన్ని గుర్తుచేయడంతో ఇద్దరూ తప్పుకున్నారు. అటార్నీ జనరల్ ఎన్నికల్లో గెలిచి 2025 జనవరిలో గవర్నర్ అయ్యారు. మన దగ్గర ఈ బెడదకు ఎన్నికల సంఘం 2015 నుంచి బ్యాలెట్‌పై అభ్యర్థి ఫొటో పెడుతోంది. అమెరికా బ్యాలెట్లపై సాధారణంగా ఫొటో ఉండదు, మనలాంటి గుర్తులూ ఉండవు. పేరు, పార్టీ, అంతే.

బయోగైడ్‌లో ఎవరు దొరకరు?

ఇది కాంగ్రెస్ సభ్యుల రికార్డు. ఉపాధ్యక్షులకూ చోటుంటుంది, ఎందుకంటే రాజ్యాంగం ప్రకారం సెనేట్ అధ్యక్ష స్థానం వాళ్లది. రాష్ట్ర గవర్నర్లు, మేయర్లు, రాష్ట్ర శాసనసభ్యులు కాంగ్రెస్‌కు వెళ్లకపోతే ఇక్కడ ఉండరు. తండ్రి బుష్ ప్రతినిధుల సభలో, తర్వాత ఉపాధ్యక్షుడిగా ఉన్నారు కాబట్టి ఉంటారు. కొడుకు బుష్ గవర్నర్ పదవి నుంచి నేరుగా అధ్యక్షుడయ్యారు, అందుకే ఉండరు. దేశాధ్యక్షుడి పేరే దొరకలేదేంటని ఆశ్చర్యపోనక్కర్లేదు.

మన పాఠకులు ఎక్కువగా తడబడేది 'సెనేటర్' అన్న మాట దగ్గర. అమెరికాలో కేంద్ర సెనేట్ ఒకటి, రాష్ట్రాల సెనేట్లు వేరే. రెండు చోట్లా సభ్యుడిని సెనేటర్ అనే అంటారు. 'అమెరికా సెనేటర్‌గా హైదరాబాద్ మహిళ' అన్న వార్త వస్తే మొదట అడగాల్సింది ఏ సెనేట్ అని. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2020లో వర్జీనియా రాష్ట్ర సెనేట్‌లో సభ్యురాలయ్యారు, 2025 నవంబర్‌లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. పెద్ద విజయమే, కానీ వాషింగ్టన్‌లోని సెనేట్ కాదు.

అరుణా మిల్లర్ సంగతి ఇంకా ఆసక్తికరం. హైదరాబాద్‌లో పుట్టి, పెళ్లికి ముందు కాట్రగడ్డ ఇంటిపేరున్న ఆమె 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. 2018లో ప్రతినిధుల సభకు పోటీ చేసి డెమొక్రాట్ ప్రైమరీలో ఓడిపోయారు, అందుకే బయోగైడ్‌లో లేరు. అక్కడ 'మిల్లర్' అని కొడితే వెస్ట్ వర్జీనియా కరోల్ మిల్లర్, ఇల్లినాయ్ మేరీ మిల్లర్, ఒహాయో మ్యాక్స్ మిల్లర్, వాళ్లకు ముందున్న పాత మిల్లర్లు వస్తారు. అరుణ గురించి కావాలంటే మేరీలాండ్ ప్రభుత్వ ఆర్కైవ్స్ నడిపే 'మేరీలాండ్ మాన్యువల్' చూడాలి. రాష్ట్ర స్థాయి నేతలకు ఆయా రాష్ట్రాల రికార్డులే దారి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఎక్కడ అవసరం?

వీసా, గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు ఫైలు నెలల తరబడి కదలకపోతే స్థానిక కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసును ఆశ్రయించడం అక్కడ మామూలే. దాన్ని కేస్‌వర్క్ అంటారు. వాళ్లు సంబంధిత శాఖను ఫైలు ఎక్కడుందని అడగగలరు, నిర్ణయాన్ని మార్చలేరు. పౌరసత్వం లేకపోయినా తమ నియోజకవర్గంలో నివసించేవాళ్ల కేసులు తీసుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి. కానీ పక్క నియోజకవర్గం వాళ్లవి సాధారణంగా తీసుకోరు. పేరు కలిసిన వేరే సభ్యుడికి రాస్తే మీ ఉత్తరం వారాలు పోయాక 'మీరు మా పరిధిలో లేరు' అన్న జవాబుతో తిరిగొస్తుంది.

డాలస్ వైపు చూడండి, తెలుగువాళ్లు దండిగా ఉన్న ప్రాంతం. అక్కడ కాంగ్రెస్ సభ్యురాలు జాన్సన్ అని వెతికితే ఎడ్డీ బెర్నిస్ జాన్సన్ గురించి బోలెడంత వస్తుంది. ఆమె 2023 జనవరిలో సభ నుంచి తప్పుకున్నారు, ఆ ఏడాది చివరి రోజున కన్నుమూశారు. 2025 జనవరిలో అదే నగర పరిసరాల నుంచి జూలీ జాన్సన్ సభలోకి వచ్చారు. ఇద్దరూ డెమొక్రాట్లు, జిల్లాలు వేరు. బయోగైడ్‌లో తేదీలు చూస్తే ఎవరు పదవిలో లేరో వెంటనే తెలిసిపోతుంది.

మీ సభ్యుడెవరో తెలుసుకోవడానికి హౌస్ డాట్ గవ్ సైట్‌లో జిప్ కోడ్ కొట్టండి. కొన్ని జిప్ కోడ్‌లు రెండు జిల్లాల మధ్య చీలి ఉంటాయి, అప్పుడు పూర్తి చిరునామా అడుగుతుంది. బద్ధకించకుండా ఇవ్వండి. నియోజకవర్గాల సరిహద్దులు మారుతుంటాయి కాబట్టి ఫ్రెండు చెప్పిన పేరు, మూడేళ్ల కిందట సేవ్ చేసుకున్న నంబర్ నమ్మొద్దు. కేస్‌వర్క్‌కు ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం కావాలి. 1974 ప్రైవసీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ ఫైలు వివరాలు ఏ శాఖా వాళ్లకు చెప్పదు. సంతకం ఫైలు ఎవరిదో వాళ్లే పెట్టాలి, హైదరాబాద్ నుంచి నాన్నగారు పెడితే కుదరదు.

విరాళాల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. అభ్యర్థుల ఖర్చుల లెక్కలు చూసే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు బయోగైడ్‌తో సంబంధం లేని తన సొంత నంబర్లు ఉన్నాయి. ఆ నంబర్ 'హెచ్'తో మొదలైతే ప్రతినిధుల సభ, 'ఎస్' అయితే సెనేట్, 'పి' అయితే అధ్యక్ష పదవి. సభ నుంచి సెనేట్ పోటీకి మారిన నేతకు రెండో నంబర్ వస్తుంది, కాబట్టి ఇక్కడ ఒక మనిషికి ఒకే నంబర్ ఉంటుందనుకోవద్దు. కమిషన్ సైట్‌లో అభ్యర్థి పేరు, రాష్ట్రం, పోటీ చేసే పదవి మూడూ కలిశాయో లేదో చూశాకే డబ్బు పంపండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు. హెచ్1బీ వీసాపై ఉన్నవాళ్లు, స్టూడెంట్ వీసాపై ఉన్నవాళ్లు ఏ అభ్యర్థికీ, ఏ స్థాయి ఎన్నికకూ ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టప్రకారం నిషేధం.